కారణమా, సాకా

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన ఈ మాట పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ అనేవాడు, ఇప్పుడు నిట్టూర్చి అంటాడు. పాలు పోసి వెళ్ళగానే గిన్నెలో వేలు ముంచి చూస్తాను. కూరగాయల బండి ఆమె "ఇప్పుడే దింపినా తల్లీ" అంటే వంకాయ తొడిమ గిల్లి చూస్తాను. "అనుమానం పెనుభూతం అన్నారు. నువ్వు ఆ భూతానికే జడేసి పూలు పెట్టే రకం" అని ఆయన వెక్కిరింత. అననీ. కడపలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పి బతికేదాన్ని. అనుమానం లేకపోతే వీళ్ళు నా చెవిలో పువ్వు కాదు, పూలతోటే పెట్టి పోయేవాళ్ళు.

ఇది నాకు పుట్టింటి సొత్తు. బద్వేలులో మాది అంగడి ఇల్లు. ముందు వైపు వ్యాపారం, వెనక వైపు కాపురం. రైతు శనక్కాయల మూట దించితే మా నాయన పైనున్న కాయలను చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి పిడికెడు తీసేవాడు. "పైనుండే కాయ మనకు చూపియ్యడానికి పెట్టింది. అడుగుకాయ నిజం చెప్తాది" అనేవాడు. ఆ పిడికిలిని చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. పచ్చికాయ ఎంత ఊపినా పలకదు.

"నామీద నమ్మకం లేదా శెట్టీ?" అని రైతు నొచ్చుకుంటే, "నమ్మకం ఉండాది కాబట్టే ఊపి చూస్తాండా. లేకుంటే బండ్లో నుంచి మూట దించనిస్తానా?" అనేవాడు. రైతు నవ్వేవాడు. చిన్నప్పుడు ఆ మాట వ్యాపారస్తుడి లౌక్యం అనుకున్నాను.

నా పాఠం కూడా ఆ అంగట్లో నుంచి వచ్చిందే. వ్యాసరచన చెప్పే మొదటి రోజే పిల్లలకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తాను: వ్యాసానికి అసలు మాట ఒక్కటే. మిగతావన్నీ ఆ మాటను మోసే మాటలు. మోయని మాట ఎంత అందంగా ఉన్నా ఎత్తి బయట పారెయ్యండి. ఆ తర్వాత బోర్డు మీద రెండు మాటలు రాస్తాను. కారణం, సాకు. అసలు మాటను నిలబెట్టేది కారణం. మాట నిలబడదని తెలిసి మనం వెతుక్కునేది సాకు. "నిన్న ఎందుకు రాలేదప్పా? బస్సు రాలేదు మేడమ్. బస్సు నిజంగా రాకుంటే అది కారణం. వచ్చిన బస్సును చూస్తా నిలబడి టీ తాగితే అది సాకు." పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు అంతటితో ఆగదు. ఆ ఏడంతా ఎవడు ఆలస్యంగా వచ్చి వాకిట్లో నిలబడినా క్లాసంతా ఒక్క గొంతుతో "కారణమా, సాకా?" అని అరుస్తుంది. నేను కోపం నటిస్తాను గానీ లోపల సంబరంగానే ఉంటుంది.

పూర్వం దొంగను పట్టుకోవడం తేలిక. గైడు చూసి మక్కీకి మక్కీ దించేవాళ్ళు. గైడులో అచ్చుతప్పు ఉంటే ఆ తప్పు కూడా భక్తిగా దించేవాళ్ళు. ఏదీ రాకపోతే ఆవు వ్యాసం ఉండనే ఉంది, ఏ విషయం ఇచ్చినా దాన్ని తెచ్చి ఆవుకు కట్టేసేవాళ్ళు. ఆ ఆవే నయం. ఇప్పుడు ఫోనును అడిగితే చాలు, నిమిషంలో వ్యాసం రాలి పడుతోంది. తప్పులుండవు. తప్పులు లేని వ్యాసం చేతికొస్తే నాకు గుండె దడ. అన్నీ "నేటి ఆధునిక యుగంలో" అని మొదలవుతాయి, "అనడంలో అతిశయోక్తి లేదు" అని ముగుస్తాయి. మధ్యలో కారణాలన్నీ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కదానికీ చెమట వాసన రాదు.

ఒక ఏడు రెండో సంవత్సరం పిల్లలకు నేనిచ్చిన విషయం "మా ఊరికి ఒక్కటే ఒక్కటి అడగమంటే". ఒకటే అడగాలి. ఎందుకు అడుగుతున్నారో నన్ను ఒప్పించాలి. దానికి ఇంటర్నల్ మార్కులున్నాయి. మా ప్రిన్సిపాల్ సారు అప్పటికే నోటీసు అంటించి ఉన్నాడు: ఫోనులో నుంచి దించినట్టు తేలితే మార్కులు సున్నా, వచ్చే ఏడు జూనియర్లతో కూర్చుని మళ్ళీ రాయాల్సిందే. తేల్చే పని నా నెత్తిన పెట్టాడు. "మీకంటే అనుమానస్తులు కాలేజీలో లేరు గదా మేడమ్" అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఇప్పటికీ తెలియదు. పేర్లు శనివారం లోపల ఇవ్వమన్నాడు.

వ్యాసాలు వచ్చాయి. మా బద్వేలు పిల్లవాడు ఒకడు వాళ్ళ ఊరి సముద్ర తీరానికి కోత ఆపే గోడ కట్టాలని రాశాడు. నిలబెట్టి అడిగాను.

"బద్వేలుకు సముద్రం ఎప్పుడొచ్చింది నాయనా? నేను ఆ ఊర్లోనే పుట్టినానే, నాకు కనపడలేదే?"

వాడు బుర్ర గోక్కుని, "బ్రహ్మంసాగర్ ఉండాది గదా మేడమ్" అన్నాడు.

క్లాసు క్లాసంతా పడి పడి నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. రిజర్వాయరును సముద్రం చేసిన తెలివికి మెచ్చుకుని, దాచిపెట్టిన ఆయుధం బయటికి తీశాను. దొంగ సరుకును పట్టడానికి నాకున్న పద్ధతి ఒక్కటే. "ఇక్కడ 'క్రమక్షయం' అని రాసినావే, ఆ మాట పక్కన పెట్టి అదే సంగతి ఇంకో మాటతో చెప్పు." సొంతంగా రాసినవాడు ఒక మాట పోతే ఇంకో మాట అందుకుంటాడు, వాడి దగ్గర సంగతి ఉంటుంది కనుక. దించినవాడి దగ్గర మాట తప్ప ఏమీ ఉండదు. మావాడు పైకప్పు వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అనకుండానే వెనక బెంచీల్లో చాలామంది భుజాలు తడుముకున్నారు. వాళ్ళందరికీ ఆ వారం లోపల నా ఎదుట మళ్ళీ రాసే అవకాశం ఇస్తానన్నాను. చాలామంది రాశారు. కొందరు రాయలేకపోయారు.

ఆ కట్టలో అడుగున ఉంది ఒక ఆడపిల్ల వ్యాసం.

ఆ పిల్లది కర్నూలుకు పడమర, ఆలూరు దాటాక ఇంకా లోపలికి పోవాల్సిన పల్లె. నాలుగడుగులేస్తే కర్ణాటక. ఆన్‌లైన్‌లో సీటు ఇక్కడ పడితే ఇంత దూరం వచ్చి హాస్టల్లో ఉంటోంది. గోడ పక్కన కూర్చునేది. నోరు విప్పితే సగం కన్నడం. డబ్బును దుడ్లు అంటుందని తోటి ఆడపిల్లలు దుడ్లక్కా అని ఏడిపించేవాళ్ళు, అప్పటి నుంచి ఇంకా తక్కువ మాట్లాడేది. నేనడిగితే లేచి నిలబడటం, అవును కాదు చెప్పి కూర్చోవడం. అంతకుమించి నాకు తెలియదు.

ఆమె వ్యాసంలో అసలు మాట ఇది: "మా ఊరికి ఒక్కటే ఒక్కటి అడగమంటే, పెద్దోళ్ళు వలస పోయే నెలల్లో పిల్లోళ్ళు ఊళ్ళోనే తిని పండుకోని బడికి పోయేదానికి ఒక ఇల్లు అడుగుతాను."

చదివి నిటారుగా కూర్చున్నాను. కట్ట మొత్తంలో గింజ ఉన్న వాక్యం అదొక్కటే. కానీ కిందికి పోతే మళ్ళీ ఇస్త్రీ చొక్కాలే. విద్య ప్రతి బిడ్డ ప్రాథమిక హక్కు. బాల్యం దేశ భవిష్యత్తుకు పునాది. సమ్మిళిత అభివృద్ధి కాలానికి అవసరం. ఇవన్నీ దాటి చివరికి పోతే, విడిగా, ఒంటరిగా ఒక వాక్యం ఉంది. "ఈ వలస మాకు సాకు."

చెంప మీద కొట్టినట్టయింది. వలస పిల్లల కోసం పేజీలకు పేజీలు మొత్తుకుని, చివర్లో వలస మాకొక వంక అంటుందా? తన ఇల్లు తనే కూల్చుకుంటుందా? రాసినవాళ్ళు ఒకరు, పేరు పెట్టినవాళ్ళు ఒకరు, చదివి చూసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఇంతకంటే రుజువేం కావాలి? ఎర్ర సిరాతో ఆ మాట చుట్టూ సున్నా చుట్టాను. పైగా అది నా మాట. నేను బోర్డు మీద రాసిన మాటను నాకే అతికించి పంపిందని ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ సారు ఎదురొస్తే, "ఆలూరు వైపు పిల్ల ఒకామె ఉంది, గట్టి కేసు" అని చెప్పేశాను కూడా.

మరునాడు ఆ పిల్లను స్టాఫ్ రూముకు పిలిచాను. మిగతావాళ్ళు క్లాసులకు పోయారు. వ్యాసం ఆమె ముందుకు తోశాను.

"ఈ కడపటి వాక్యం నీదేనా?"

"అవు మేడమ్."

"వలస మీకు సాకా?"

"అవు మేడమ్, సాకు."

ఏ మాత్రం జంకు లేదు. నాకు ఇంకా మండింది.

"నీ నోటితో నువ్వే ఒప్పుకుంటాండావు. సాకైనప్పుడు ఊరికి ఇల్లెందుకు మరి?"

"సాకు గనకనే అడుగుతాండేది మేడమ్."

"నన్ను ఆట పట్టిస్తాండావా?"

"లేదు మేడమ్." ఆ పిల్ల మొహం పాలిపోయింది. "మా అమ్మ గూడా అదే అంటాది. ప్రతి ఏడూ అంటాది, సాకు అని."

"మీ అమ్మే అంటాదా! భలే ఇల్లమ్మా మీది."

చూడండి మా సంభాషణ. ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నాం. నాకు కోపం పెరుగుతోంది, ఆ పిల్లకు కన్నీళ్ళు వస్తున్నాయి. ఇక తేల్చేద్దామని నా ఆయుధం తీశాను.

"సరే. ఆ సాకు అనే మాట తీసేయ్. అదే సంగతి ఇంకో మాటతో చెప్పు."

పైకప్పు వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. క్షణం కూడా ఆలోచించకుండా అంది.

"ఇంక చాలు, మేడమ్. ఈ వలస మాకు ఇంక చాలు."

కలం కింద పెట్టాను.

"సాకంటే చాలునా?"

"అవు మేడమ్. మా తట్ల అట్లనే అంటాము. ఇంకేమి అంటారు?"

ఓరి దేవుడా. ఆ ఊళ్ళకు కన్నడం ఎంత దగ్గరో తెలిసి కూడా నాకు తట్టలేదు. నాకు సాకంటే వంక. ఆమెకు సాకంటే చాలు. నేను బోర్డు మీద "కారణం, సాకు" అని రాసినప్పుడు ఈ పిల్ల ఏమని రాసుకుందో అడిగాను. "కారణం చెప్పింది సాకు, శానా రాయొద్దని అనుకుంటి మేడమ్" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అంతటితో వదిలేస్తే నేను మా నాయన కూతురిని ఎట్లా అవుతాను? పై నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. "ప్రాథమిక హక్కు అని రాసినావు. అది ఇంకో మాటతో చెప్పు." ఈసారి పైకప్పు వైపు చూసింది. "సమ్మిళిత అభివృద్ధి?" తల దించుకుంది.

"అవి నావి కాదు మేడమ్. పక్కరూము అక్క ఫోన్లో తీసిచ్చింది."

"ఎందుకు తీసుకున్నావు? మొదటి వాక్యం నీదే, చివరి వాక్యం నీదే. మధ్యలో ఈ అరువు సరుకు ఎందుకు?"

"మీరే చెప్తిరి గదా మేడమ్, మోసే మాటలు గట్టిగా ఉండల్లని. నాకు తెలిసిండేవన్నీ మా ఇంటి మాటలు. ఇంటి మాటలు ఆడ మోస్తాయా?"

సమాధానం వెతకాల్సిన చోట నాకు కోపం దొరికింది. నోటీసు సంగతి గుర్తు చేశాను. దించినట్టు తనే ఒప్పుకుంది కనుక పేరు ఇవ్వక తప్పదని, వచ్చే ఏడు రాసుకోవచ్చని అన్నాను. ఆ పిల్ల చీరకొంగు లాగా చున్నీ అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"వచ్చే ఏడు నన్ను పంపరు మేడమ్. ఒగ ఏడు ఊరికే పోయిందంటే మా నాయన చదువు మానిపిచ్చి మిరపకాయలకు పిల్చుకోని పోతాడు. ఇద్దరు ఏరేదానికి ముగ్గురు ఏరితే దుడ్లు వస్తాయి గదా."

ఇట్లాంటివి నేను చాలా విన్నాను. ప్రతి పరీక్షకూ ఎవరో ఒకరి తాత చనిపోతాడు, ఒక తాత నాలుగు సెమిస్టర్లలోనూ చనిపోయిన సందర్భం ఉంది. ఇదీ అట్లాంటిదేనేమో. కారణమో సాకో ఎట్లా తెలుస్తుంది? ఊపి చూడటం ఒక్కటే నాకు తెలిసిన దారి. తరగతిలో మిగతావాళ్ళకు ఇచ్చిన అవకాశమే ఈమెకూ ఇచ్చాను. "రేపు మధ్యాహ్నం రా. నా ఎదురుగా కూర్చుని రాయి. ఆ మొదటి వాక్యం ఉంచు. కింద ఫోను మాట ఒక్కటి ఉన్నా చించేస్తా."

మరునాడు వచ్చింది. నేను ఎటువంటిదాన్నో చెప్పాను గదా. ఫోను తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. అరచేతులు చూపించమన్నాను. చూపించింది, ఏమీ రాసుకుని లేదు. ఎదురుగా కూర్చుని రాస్తుంటే తలకిందులుగా చదువుతూనే ఉన్నాను. ఒక్కో వాక్యం పడగానే చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

"నాకు కూడికలు వచ్చు, తీసివేతలు రాకపోయేటివి" అని రాసింది.

"ఇదేం కారణం? లెక్కలు రాకపోతే మొద్దువు అనుకుంటారు."

"కూడికలు చెప్పేటప్పుడు ఊళ్ళో ఉంటి మేడమ్. తీసివేతలు చెప్పేటప్పుడు గుంటూరు తట్ల మిరప చేన్లో ఉంటిమి. ప్రతి ఏడూ అంతే. తిరిగొచ్చేసరికి బడి ఎండాకాలం సెలవులకు మూసేసుంటారు."

"మరి ఇప్పుడొచ్చా తీసివేతలు?"

"వస్తాయి మేడమ్. మా తమ్ముడు నేర్పిచ్చినాడు. వాడు నాకన్నా చిన్నోడు. వాన్ని ఊళ్ళో మా ముసలి జేజి దగ్గర ఇడిచి పోతాండ్రి. వానికి అన్నీ వస్తాండె."

కుర్చీలో ముందుకు జరిగాను. "ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఉండిపోయిన వాడికి లెక్కలొచ్చాయి, వెంట పోయినదానికి రాలేదు. అది రాయి తల్లీ! అంతకంటే మోసే మాట ఏముంటుంది? మొన్న ఎందుకు రాయలేదు?"

"అది మా ఇంటి మాట గదా మేడమ్."

"ఊరంటే ఇళ్ళే గదా. రాయి."

రాసింది. ఆరో తరగతిలో గురుకులంలో సీటు దొరికాక తను మళ్ళీ ఏ పాఠమూ పోగొట్టుకోలేదని కూడా రాసింది. గురుకులం దొరకని తన వీధి పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో రాసింది. ఒక్కో వాక్యం నెమ్మదిగా పడుతోంది గానీ గలగలమంటోంది. మధ్యలో ఒక వాక్యం దగ్గర నేను చెయ్యి అడ్డం పెట్టాను. "మిరప కళ్ళంలో చిన్నపిల్లోళ్ళు ఏడ్వరు" అని ఉంది.

"ఇది మాత్రం నమ్మను. పిల్లలు ఏడ్వకపోవడమేంది? సంతోషంగా ఉంటారనా? అట్లయితే ఇది నీ అసలు మాటకే అడ్డం తిరుగుతాది."

ఆ పిల్ల మొదటిసారి నన్ను కొంచెం జాలిగా చూసింది.

"ఏడిస్తే కండ్లు తుడుచుకోవల్ల గదా మేడమ్. చేతికి కారం ఉంటాది. తుడుచుకుంటే ఇంకా మండుతాది. అందుకని ఒగటి రెండు సార్లకు ఏడ్చేదే మానుకుంటారు. నేను గూడా మానుకుంటి."

చెయ్యి తీసేశాను. ఆ "అందుకని" కూడా రాయమన్నాను. చివరికి వచ్చాక ఆ పిల్ల కలం ఆపి, సాకు అని రాయాలా చాలు అని రాయాలా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. "ఈ వలస మాకు సాకు" అనే రాసింది.

శనివారం ఆ వ్యాసం పట్టుకుని ప్రిన్సిపాల్ సారు దగ్గరికి పోయాను. ఆయన చదివాడు. రెండోసారి కూడా చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మొన్న గట్టి కేసు అన్నారు. ఈరోజు మార్కులెయ్యమంటాండారు. ఏం మేడమ్, ఇది ఆ పిల్ల రాసిందా, మీరు రాసిచ్చినారా?"

నాకు నెత్తురు నెత్తికెక్కింది. నన్నే అనుమానిస్తాడా! ఊరందరినీ అనుమానించే హక్కు నాది. నన్ను అనుమానించే హక్కు ఎవరిచ్చారు ఈయనకు?

"నా ఎదురుగా రాసింది సార్."

"ఎదురుగా మీరు తప్ప ఇంకెవరున్నారు? మీరు చెప్తాంటే రాసుండచ్చు గదా. ఇంత పొందికగా ఉండాది. నేను యూనివర్సిటీ వాళ్ళకు ఏమని చెప్పేది?"

నా అసలు మాట ఒక్కటే: ఇది ఆ పిల్లే రాసింది. దాన్ని మోయడానికి ఒక్క మాట కావాలి. నా నిజాయితీ చెప్పుకుందామా అంటే అది ఇస్త్రీ చొక్కా. కోపం చేద్దామా అంటే అది సాకు. ఆ కాగితం వైపే చూశాను. చివరి వాక్యం కనిపించింది. మొదటి కాగితంలో నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టిన ఆ మాటే.

"సార్, ఆ కడపటి వాక్యం చదవండి. నేను రాసుంటే ఆ మాట రాస్తానా?"

"సాకు," చదివాడాయన. "అదే చెప్పబోతాండా. ఇది తప్పు గదా. వలస వంక అంటాందే పిల్ల!"

"నేనూ అట్లనే అనుకుని పట్టుకున్నాను సార్. ఆ మాట నాది కాదు, మీది కాదు, ఫోనుది అసలే కాదు. ఆ పిల్లను పిలిచి మీరే అడగండి."

పిలిపించాడు. వచ్చి వాకిలి దగ్గరే నిలబడింది. ఆయన ముందు నా సంగతే అడిగాడు. "మేడమ్ ఎన్ని మాటలు చెప్పినారమ్మా నీకు?"

"ఒగటి గూడా చెప్పలే సార్," అంది ఆ పిల్ల. "ఏం రాసినా నమ్మలే. అన్నిటికీ ఎట్ల, ఎందుకు అని అడుగుతానే ఉండ్రి. మేడమ్‌కు శానా అనుమానం సార్."

ఆయన నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు. నా గురించి ఇంత గొప్ప సర్టిఫికెట్ ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

"సరే. ఈ సాకు అంటే ఏంది?"

"చాలు అని సార్."

"అయితే చాలు అనే రాయొచ్చు గదా? చదివేవాళ్ళకు అర్థం కావల్ల. ఆ ఒక్క మాట మార్చు, సంతకం పెడతా."

ఆ పిల్ల కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను, సాయం చేశానని మళ్ళీ అనిపించుకోవడం నాకిష్టం లేదు.

"చాలు అనేది అన్నం కాడ సార్," అంది చివరికి. "కడుపు నిండితే చాలు అంటాము. మూట నెత్తికెత్తుకోని ఇంటికి బీగం ఏసేటప్పుడు మా అమ్మ సాకు అంటాది. అది వేరే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, మాట మార్చకుండానే సంతకం పెట్టాడు. బయటికొచ్చాక ఆ పిల్ల థాంక్స్ మేడమ్ అంది. సెలవులకు ఇంటికి పోయే పిల్ల మళ్ళీ వస్తుందా రాదా అనే అనుమానం నాకు అప్పుడే మొదలైంది.

సెమిస్టర్ సెలవులు అయిపోయాయి. కాలేజీ తెరిచారు. గోడ పక్క చోటు ఖాళీగా ఉంది. మొదటి రోజు ఏమనుకోలేదు. తర్వాత రోజూ క్లాసులోకి పోగానే కళ్ళు అటే పోయేవి. హాస్టల్లో అడిగితే తెలియదన్నారు. ఫోను కలవలేదు. మార్కులున్నాయి, సంతకముంది, అయినా తీసుకుపోయారన్నమాట అనుకున్నాను. ఆ పిల్ల నాన్న మీద, ఫోను కనిపెట్టినవాడి మీద, వానలు పడని ఊళ్ళ మీద, అందరి మీదా కోపమొచ్చింది. ఇంట్లో పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మా ఆయన వెక్కిరించకుండా తిన్నాడు.

వారం పైన అయ్యాక ఒక పొద్దున పాఠం మధ్యలో ఉండగా వాకిట్లో నీడ కదిలింది. ఆ పిల్లే. నల్లబడింది, చిక్కింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచి అట్లాగే ఉంది. చున్నీ అంచు పట్టుకున్న వేళ్ళు ఎర్రగా కమిలి, కొసల దగ్గర తోలు లేచిపోయి ఉన్నాయి. మిరపకాయలకు పోయి వచ్చింది. వచ్చింది.

నేను నోరు తెరిచేలోపల క్లాసంతా అలవాటుగా అరిచింది.

"కారణమా, సాకా?"

ఆ పిల్ల వాళ్ళను చూడలేదు. నన్నే చూస్తూ అంది.

"రెండూ మేడమ్."

పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు, దొరికిపోయిందని. ఆ సాకు ఎవరి ఊరి మాటో తెలిసిన నేను నవ్వలేదు. ఏమీ అడగలేదు కూడా. వచ్చి కూర్చోమని చెప్పి, హాజరు పట్టీలో గుర్తు పెట్టాను.